సెడాన్ కారు బ్రేకులు: ముందు డిస్కు, వెనక డ్రమ్ము – గోదావరి డెల్టాలో ఇంటి దగ్గరే ఎలా చూసుకోవాలి

డిజైర్, అమేజ్, ఆరా లాంటి ఇంటి సెడాన్లకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకు ఉంటాయి. వాటికంటే ఖరీదైన హోండా సిటీ పెట్రోలు మోడలుకీ వెనక డ్రమ్మే. అదే సిటీ హైబ్రిడ్‌కి నాలుగూ డిస్కులే. వెనక డ్రమ్ము ఉంటే కంపెనీ పిసినారితనం చేసిందని చాలామంది అనుకుంటారు. డెల్టాలో తిరిగే కారుకి అసలు గొడవ డిస్కా డ్రమ్మా అన్నది కాదు. ఇక్కడ బ్రేకులు అరిగి పాడయ్యేవి తక్కువ, బిగుసుకుపోయి పాడయ్యేవి ఎక్కువ.

నేల చదును, ఘాట్ రోడ్డు లేదు కాబట్టి బ్రేకు పెద్దగా వేడెక్కదు. కానీ గాలిలో తేమ ఉంటుంది, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలి తోడవుతుంది. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల చేపలు, రొయ్యలు తీసుకెళ్లే వ్యాన్ల నుంచి ఐసు నీళ్లు, ఉప్పు నీళ్లు రోడ్డంతా కారుతుంటాయి. ఆపైన పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పెళ్లిళ్లకీ ఆసుపత్రికీ తప్ప షెడ్డులోంచి బయటికి రాని కార్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఇలాంటి కారుకి ‘ప్యాడ్లు ఇంకా సగం ఉన్నాయండి’ అన్న మెకానిక్ మాట ఒక్కటే సరిపోదు. ప్యాడు, అంటే డిస్కుని నొక్కి పట్టే బిళ్ల, కదులుతోందా లేదా అన్నది చూడాలి.

ముందుగా మీ కారుకి ఏమున్నాయో చూడండి

అల్లాయ్ వీలు ఊచల మధ్యలోంచి చూస్తే మెరిసే ఇనుప పళ్లెం, దాన్ని ఒకవైపు పట్టుకున్న కాలిపర్ కనిపిస్తే అది డిస్కు. ముందు డిస్కు అంచు రెండు పొరలుగా ఉండి మధ్యలో గాలి పోయే సందులు ఉంటే వెంటిలేటెడ్ డిస్కు అంటారు. గిన్నె బోర్లించినట్టు మూసి ఉండి లోపల ఏముందో కనబడకపోతే అది డ్రమ్ము. స్టీలు వీలు, పైన ప్లాస్టిక్ కవరు ఉంటే చక్రం విప్పి చూడాల్సిందే.

ముందు డిస్కే ఎందుకంటే, బ్రేకు వేయగానే బండి బరువు ముందుకి వాలుతుంది. ఆగడంలో మూడింట రెండొంతులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, ముందు చక్రాలు చేస్తాయి. అక్కడ పుట్టే వేడి గాలికి త్వరగా పోవాలి కాబట్టి తెరిచి ఉన్న డిస్కు కావాలి. వెనక పని తక్కువ. పైగా డ్రమ్ములో ముందువైపు షూని (లోపలినుంచి డ్రమ్ముని నొక్కే వంపు బిళ్లని) తిరిగే డ్రమ్మే తనలోకి లాక్కుంటుంది. అందుకే తక్కువ బలంతోనే గట్టిగా పడుతుంది, హ్యాండ్ బ్రేకుకీ అదే షూలు సరిపోతాయి. దాని లోపమల్లా లోపలికి వెళ్లిన నీళ్లు, దుమ్ము తొందరగా బయటికి రాకపోవడమే.

కావలసినవి

జాకీ, రెండు స్టాండ్లు, నాలుగు చెక్క దిమ్మలు, వీల్ పాన, 12, 14 నంబరు పానలు, పెద్ద సి-క్లాంపు, వైర్ బ్రష్, 80, 120 నంబరు ఎమరీ కాగితం, బ్రేక్ క్లీనర్ స్ప్రే ఒక డబ్బా, వెర్నియర్ కాలిపర్, మాస్కు. గ్రీజులు రెండు రకాలు కావాలి: స్లైడ్ పిన్నులకి (కాలిపర్ వీటి మీదే జరుగుతుంది) సిలికాన్ గ్రీజు, ఇనుము ఇనుము రాసుకునే చోట్లకి వేడి తట్టుకునే బ్రేకు గ్రీజు. మామూలు బేరింగ్ గ్రీజు ‘అదీ ఇదీ ఒకటేనండి’ అని ఇస్తే తీసుకోకండి. పెట్రోలియం గ్రీజు తగిలితే పిన్ను రబ్బరు బూట్లు ఉబ్బుతాయి, రెండో వానాకాలానికి పిన్ను బిగుసుకుంటుంది.

మన మట్టి మెత్తన. వాన పడిన నేల మీద జాకీ దిగిపోతుంది. సిమెంటు గచ్చు లేకపోతే జాకీ కింద, స్టాండ్ల కింద అంగుళం మందం చెక్క పలక వేయండి. జాకీ మీదున్న కారు పక్కన చెయ్యి పెట్టవద్దు, స్టాండు మీద కూర్చున్నాకే పని మొదలుపెట్టండి. ఇటుకలు స్టాండ్లు కావు.

ముందు డిస్కు పని

హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి దిమ్మలు పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయండి. తర్వాత లేపి, స్టాండు పెట్టి, చక్రం తీయండి.

చక్రం తీయగానే డిస్కుని చేత్తో తిప్పి చూడండి. సన్నగా రాసుకుంటూ తిరిగితే సరే. ఒకచోట బిగిసి, ఒకచోట వదులైతే డిస్కు వంకరగా తిరుగుతోందని అర్థం. అసలు కదలకపోతే ప్యాడ్లు గానీ, వాటిని నెట్టే కాలిపర్ పిస్టన్ గానీ పట్టేసినట్టు.

కాలిపర్ కింది బోల్టు విప్పి పైకి ఎత్తండి. పూర్తిగా తీసేస్తే తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టి వేలాడదీయండి, బ్రేక్ గొట్టం మీద బరువు పడకూడదు. ఇప్పుడు రెండు ప్యాడ్లూ తీసి లైనింగు (అరిగే పొర) మందం కొలవండి. కొత్తప్పుడు సుమారు 10 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ.కి వస్తే మార్చేయండి. కొలతకంటే ముఖ్యం, లోపలి ప్యాడూ బయటి ప్యాడూ సమానంగా అరిగాయా అన్నది. తేడా 2 మి.మీ. దాటినా, ఒక ప్యాడు ఏటవాలుగా అరిగినా పిన్నో పిస్టనో బిగుసుకుంది. ఆ స్థితిలో కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే పోతాయి. ప్యాడ్లు రెండు చక్రాలకీ కలిపి నాలుగూ మార్చాలి. ఒక పక్క మాత్రమే మారిస్తే బ్రేకు వేసినప్పుడు స్టీరింగు లాగుతుంది.

స్లైడ్ పిన్నులు రెండూ బయటికి లాగండి. చేత్తో నునుపుగా రావాలి. పాత గ్రీజు గోధుమరంగు మైనంలా గట్టిపడి ఉంటే పూర్తిగా తుడిచి, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. ఎక్కువ కూరితే లోపల గాలి చిక్కి పిన్ను వెనక్కి తంతుంది. చాలా కార్లలో పై పిన్నూ కింది పిన్నూ ఒకటి కాదు, ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది. ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. పిన్ను మీద తుప్పు గుంటలు పడితే రాయడం కాదు, మార్చడమే. బూటు చిరిగినా అంతే, పదులు వందల్లో పోయే సామానే.

డెల్టాలో అందరూ దాటేసే చోటు తర్వాతది. ప్యాడు చెవులు కూర్చునే చోట పలుచటి స్టీలు క్లిప్పులు ఉంటాయి. వాటి కింద ఇనుప బ్రాకెట్టు తుప్పు పట్టి ఉబ్బుతుంది, క్లిప్పుని పైకి నెడుతుంది, ప్యాడు గట్టిగా ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. క్లిప్పులు ఊడదీసి, కింద ఇనుము తెల్లగా వచ్చేదాకా వైర్ బ్రష్‌తో, ఎమరీతో గీకండి. వేడి తట్టుకునే గ్రీజు అద్దీ అద్దనట్టు రాసి క్లిప్పులు తిరిగి పెట్టండి. ప్యాడు పెట్టి వేలితో నెడితే జరగాలి. సుత్తితో కొట్టి ఎక్కించాల్సి వస్తే ఇంకా గీకాలి. కొత్త ప్యాడు చెవి మీద రంగు మందంగా ఉన్నా ఇదే ఇబ్బంది వస్తుంది, ఆకురాయితో రంగు వరకే తీయండి.

డిస్కు సంగతి. రాత్రి తేమకి పొద్దున్నే డిస్కు మీద ఎర్రటి పొర కనిపిస్తే భయం లేదు, వీధి చివరికి వెళ్లేలోపు పోతుంది. నాలుగైదు రోజులు నడిపినా పోని గుంటలు, అంచున వెడల్పైన తుప్పు పట్టీ ఉంటే ప్యాడు పూర్తి వెడల్పున ఆనడం లేదు. కనీస మందం డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది, దానికంటే తక్కువైతే మార్చాలి. అంచున అరగని గట్టు ఉంటుంది కాబట్టి వెర్నియర్ నేరుగా పెడితే కొలత ఎక్కువ చూపిస్తుంది. ఒకే రకం రూపాయి బిళ్లలు రెండు తీసుకుని, డిస్కుకి అటూ ఇటూ ఆనించి కొలవండి. వచ్చిన దాంట్లోంచి రెండు బిళ్లల మందం తీసేస్తే అసలు కొలత.

బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలికి వణికినట్టు తగిలితే డిస్కు పాడైందని వెంటనే లేత్ షాపుకి పరుగెత్తకండి. డిస్కు తీసి, అది చక్రం బిగించే మధ్య భాగమైన హబ్‌కి ఆనే ముఖం చూడండి. అక్కడ తుప్పు పెచ్చు ఒక్కటి ఉన్నా డిస్కు వంకరగా కూర్చుంటుంది. రెండు ముఖాలూ గీకి శుభ్రం చేసి బిగిస్తే సగం కేసులు అక్కడే తీరతాయి. టైరు షాపులో ఎయిర్ గన్నుతో నట్లు ఇష్టం వచ్చినట్టు బిగించినా ఈ వణుకు వస్తుంది. ఎదురెదురు నట్లు వరసగా, మాన్యువల్లో చెప్పిన బిగింపు బలానికి, అంటే టార్క్‌కి బిగించాలి.

పిస్టన్ వెనక్కి నెట్టేముందు బ్రేక్ ఆయిలు డబ్బా మూత తీసి మట్టం చూడండి. నిండుగా ఉంటే సిరంజితో కొంచెం తీయండి, లేకపోతే పొంగుతుంది. బ్రేక్ ఆయిలు పెయింటు మీద పడితే రంగు లేస్తుంది, పడిన వెంటనే నీళ్లతో కడగాలి. పాత ప్యాడు అడ్డం పెట్టి క్లాంపుతో నెమ్మదిగా నెట్టండి. పిస్టన్ బూటు చిరిగి లోపల తడి కనిపించినా, పిస్టన్ మొరాయించినా కాలిపర్ కిట్టు వేయించాలి.

అంతా బిగించాక, బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా కొట్టండి. ఇది మరిచిపోయినవాళ్లకి మొదటి బ్రేకుకే పెడల్ నేలకి తగులుతుంది, గోడకి గుద్దాక గానీ గుర్తు రాదు.

వెనక డ్రమ్ము పని

ఇక్కడ హ్యాండ్ బ్రేకు దించి ఉండాలి. కారు మొదటి గేరులో పెట్టి, ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు వేయండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో.

చక్రం తీశాక డ్రమ్ము చేత్తో ఊడకపోవచ్చు. ఏడాదిగా తీయని డ్రమ్ము ఊడదు కూడా. డ్రమ్ము ముఖం మీద మర ఉన్న రెండు చిల్లులు ఉంటే 8 మి.మీ. బోల్టులు రెండు ఎక్కించి, అటొక చుట్టు ఇటొక చుట్టు సమానంగా బిగించండి, డ్రమ్ము బయటికి వస్తుంది. హబ్ చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొంచెం కొట్టవచ్చు, లోపలికి పోకుండా చూసుకోండి. అయినా రాకపోతే వెనక పళ్లెం (డ్రమ్ము వెనక తిరగకుండా ఉండే రేకు) మీది రబ్బరు బిరడా తీసి, షూలని డ్రమ్ముకి దగ్గరగా సర్దే అడ్జస్టరుని స్క్రూడ్రైవరుతో వదులు చేయాలి. లోపల షూ డ్రమ్ము గట్టుకి తగులుకుని ఉంటుంది. కొన్ని కార్లలో డ్రమ్ముతోపాటే బేరింగు వస్తుంది, మధ్యలో పెద్ద నట్టు ఉంటుంది. ఆ నట్టు టార్క్ తెలియకుండా, కొత్త నట్టు లేకుండా దాన్ని విప్పకండి, ఆ పని మెకానిక్ షెడ్డుకి వదిలేయండి.

లోపలి నల్ల పొడిని నోటితో గానీ కంప్రెసరు గాలితో గానీ ఊదకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి, గుడ్డతో తుడవండి.

మొదట చూడాల్సింది పైనున్న వీల్ సిలిండర్, ఆయిలు ఒత్తిడితో షూలని నెట్టేది ఇదే. దాని రబ్బరు మూతల అంచు కొంచెం ఎత్తండి. లోపల కాస్త చెమ్మ ఉంటే ఫరవాలేదు. ఆయిలు కారిందంటే సిలిండర్ మార్చాలి. ఆ ఆయిలు పడిన షూలు ఇక పనికిరావు, పెట్రోలుతో కడిగి వేసినా మళ్లీ జారతాయి. వెనక షూలు కూడా నాలుగూ ఒకేసారి మార్చండి.

లైనింగు 1 మి.మీ. మిగిలితే ఆఖరు, దానికి ముందే మార్చడం మేలు. డ్రమ్ముకి గరిష్ఠ వ్యాసం డ్రమ్ము మీదే ఉంటుంది. లేత్ మీద తిప్పించినా ఆ అంకె దాటకూడదు. లోపలి ఉపరితలం అద్దంలా నునుపుగా మెరుస్తుంటే, లేదా పొరలా తుప్పు ఉంటే, 80 నంబరు ఎమరీతో అడ్డదిడ్డంగా గీకండి.

షూలు విప్పే పని ఉంటే ఒక పక్క మాత్రమే విప్పండి, రెండో పక్క చూసి ఏ స్ప్రింగు ఎక్కడో తెలుసుకోవచ్చు. ముందే ఫోన్‌తో ఫొటో తీయండి. ఎడమ, కుడి అడ్జస్టర్ల మర చాలా కార్లలో ఎదురెదురుగా ఉంటుంది. కలిపేస్తే అవి బిగిసే బదులు వదులవుతూ పోతాయి. అడ్జస్టరు మర శుభ్రం చేసి పలుచగా వేడి తట్టుకునే గ్రీజు రాయండి. వెనక పళ్లెం మీద షూ అంచు రాసుకునే ఎత్తైన మచ్చలు ఉంటాయి. అక్కడ తుప్పు గీకి గ్రీజు చుక్క పెట్టండి, లేకపోతే షూ వెనక్కి రాకుండా అక్కడే ఆగిపోతుంది.

డ్రమ్ము పెట్టి, చేత్తో తిప్పుతూ అడ్జస్టరు బిగించండి. గట్టిగా రాసుకునేదాకా బిగించి, సన్నగా సర్‌మనేంత వరకు వెనక్కి తిప్పండి. పెడల్ ఒక పదిసార్లు నొక్కి మళ్లీ చూసుకోండి. ఇదంతా అయ్యాకే హ్యాండ్ బ్రేకు కేబుల్ ముట్టుకోవాలి. మన దగ్గర దారిపక్క షెడ్లలో సాధారణంగా జరిగేది దీనికి తిరగేసి ఉంటుంది. హ్యాండ్ బ్రేకు లివరు పైకి ఎక్కువ వస్తోందనగానే కేబుల్ నట్టు బిగించేస్తారు. షూలు ఎప్పుడూ కొంచెం ఎత్తి ఉండిపోతాయి, స్వయంగా సర్దుకునే అడ్జస్టరు పని మానేస్తుంది, వెనక చక్రం రాసుకుంటూ తిరుగుతుంది, పెడల్ మాత్రం కిందికే పోతుంది. షూలు సరిగ్గా సర్దితే చాలా కార్లలో లివరు అయిదారు క్లిక్కుల్లో పట్టుకుంటుంది, మీ కారు లెక్క మాన్యువల్లో ఉంటుంది. లివరు దించాక రెండు వెనక చక్రాలూ వదులుగా తిరగాలి. ఒకటి తిరగకపోతే కేబుల్ తొడుగులోకి నీళ్లు దిగి తుప్పు పట్టింది, కేబులే మార్చాలి.

బ్రేక్ ఆయిలు

బ్రేక్ ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది, మన గాలిలో దానికి లోటు లేదు. ఈ ఆయిలు రకాల్ని డాట్ నంబర్లతో చెబుతారు. డాట్ 3 కొత్తది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, తేమ పట్టాక 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. డెల్టాలో తిరిగినంతకాలం ఈ తేడా తెలియదు. ఆదివారం కుటుంబమంతా కూర్చుని మారేడుమిల్లి దాటి ఘాట్ దిగుతున్నప్పుడు తెలుస్తుంది. ఆయిలులో ఆవిరి పుట్టి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఆ దిగుడులో రెండో గేరు, అవసరమైతే మొదటి గేరు వేసి ఇంజిన్‌తో వేగం ఆపుకోండి. బ్రేకుని గట్టిగా కొద్దిసేపు వేసి వదలండి, అదే పనిగా కాలు ఆనించి ఉంచకండి.

రెండేళ్లకోసారి ఆయిలు పూర్తిగా మార్చండి, మాన్యువల్ తక్కువ గడువు చెబితే అదే పాటించండి. సీలు తీయని సీసానే కొనండి. సగం వాడి అలమారలో పెట్టిన సీసా పారేయడమే. డబ్బా మూత మీద ఏ డాట్ రాసి ఉంటే అదే పోయండి. పవర్ స్టీరింగు ఆయిలో, ఇంజిన్ ఆయిలో ఒక్క చుక్క పడినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బుతాయి. మట్టం కొంచెం తగ్గితే పోసేయడం కూడా మంచిది కాదు. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం దిగడం సహజం. ఒక్కసారిగా తగ్గితే లీకు వెతకాలి.

బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర ఉండాలి. చక్రం దగ్గర గాలి వదిలే చిన్న నట్టు బ్లీడర్. దానికి పారదర్శక గొట్టం తగిలించి, రెండో చివర కొంచెం ఆయిలున్న సీసాలో ముంచండి. పెడల్ నొక్కి పట్టుకోమని చెప్పి, బ్లీడర్ పావు చుట్టు విప్పండి, బుడగలు వచ్చాక బిగించండి, అప్పుడే పెడల్ వదలాలి. శుభ్రమైన ఆయిలు వచ్చేదాకా ఇదే. ఏ చక్రంతో మొదలుపెట్టాలో కారుని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. మధ్యలో డబ్బా ఖాళీ కానివ్వకండి. 2019 ఏప్రిల్ తర్వాత అమ్మిన కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టి బ్రేకుకి చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. ఆ యూనిట్‌లోకి గాలి వెళితే చాలా కార్లకి స్కానరు ఉన్న షెడ్డుకి వెళ్లక తప్పదు.

కొత్త ప్యాడ్లు, షూలు వేశాక ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 10కి మధ్యస్థంగా బ్రేకు వేసి తగ్గించండి, మధ్యలో అర నిమిషం నడపండి, ఇలా ఎనిమిది పది సార్లు. పూర్తిగా ఆపి పట్టుకోకూడదు. కాలవ గట్టు మీద, గేదెలు అడ్డొచ్చే చోట ఈ పని పెట్టుకోకండి. ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద అసలు వద్దు. గింజల మీద ఏ బ్రేకైనా జారుతుంది, ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరుగుతుంది.

నీళ్లలో దిగాక, నిలబెట్టాక

వరద రోజుల్లో కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగితే కారుతో దిగకండి, అది బ్రేకుల సమస్య కాదు. వాననీళ్లు నిలిచిన రోడ్డు దాటినా డిస్కు రెండు మూడు బ్రేకులకి ఆరుతుంది, డ్రమ్ము ఆరదు. దాటాక 20, 30 కి.మీ. వేగంలో పెడల్ మీద తేలికగా కాలు ఆనించి కొన్ని సెకన్లు నడపండి, వదలండి, మళ్లీ చేయండి. బ్రేకు మామూలుగా పడేదాకా వేగం పెంచకండి. నీళ్లు హబ్ దాటి వచ్చాయంటే ఆ వారంలోనే డ్రమ్ములు విప్పి, బురద కడిగి ఆరబెట్టాలి.

తడి బ్రేకులతో వచ్చి హ్యాండ్ బ్రేకు వేసి నిలబెడితే షూ డ్రమ్ముకి అతుక్కుంటుంది. వానాకాలంలోనూ, వారానికి మించి నిలిపేటప్పుడూ హ్యాండ్ బ్రేకు వద్దు. మొదటి గేరు, చక్రాలకి దిమ్మలు చాలు. ఇప్పటికే పట్టేసి ఉంటే యాక్సిలరేటరు తొక్కి బలవంతం చేయకండి, లైనింగు షూ నుంచి ఊడి వస్తుంది. ముందుకీ వెనక్కీ నెమ్మదిగా కదిపి చూడండి. రాకపోతే చక్రం తీసి డ్రమ్ము చుట్టూ సుత్తితో మెల్లగా తట్టండి. నిలబెట్టిన కారుని వారానికోసారి అయిదారు కిలోమీటర్లు తిప్పి, నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేయమని ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఇంజిన్ స్టార్టు చేసి అక్కడే వదిలేస్తే బ్రేకులకి లాభమేమీ లేదు.

ఇంత పని చేయడానికి జూన్ వానలకి ముందు ఒకసారి, సంక్రాంతి ముందు ఒకసారి కుదుర్చుకుంటే చాలు. సముద్రానికి దగ్గర ఊళ్లవాళ్లు స్లైడ్ పిన్నుల వరకు మధ్యలో ఇంకోసారి చూసుకోండి.

వెనక కూడా డిస్కు పెట్టించాలా?

డ్రమ్ము కారుకి బయట వెనక డిస్కులు వేయించడం వద్దు. ముందు వెనక బ్రేకుల పాళ్లు, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిలుని నెట్టేది) సైజు, ఏబీఎస్ లెక్కలు డ్రమ్ముకి సరిపడా కట్టినవి. వెనక ఎక్కువ పట్టేస్తే తడి రోడ్డు మీద బండి తోక తిప్పుతుంది. కంపెనీ నుంచే వెనక డిస్కు వచ్చినవాళ్లకి మాత్రం ఇక్కడ వేరే బెడద ఉంది. వెనక డిస్కుకి పని తక్కువ కాబట్టి తుప్పు రాలదు. నెలకోసారైనా ఖాళీ రోడ్డు మీద గట్టి బ్రేకులు వేసి శుభ్రం చేయాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు కేబుల్ హ్యాండ్ బ్రేకు ఉన్న వెనక పిస్టన్ నేరుగా నొక్కితే వెళ్లదు, ప్రత్యేకమైన పానతో తిప్పుతూ లోపలికి పంపాలి. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకైతే ముందు దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టాలి. పెట్టకుండా క్లాంపు వేసి నెడితే కాలిపర్ లోపలి మోటారు యంత్రాంగం దెబ్బతింటుంది.